తొలి బంతికి ముందు: బౌలరు సన్నాహము, నిలకడ

మచిలీపట్నము, గుడివాడ, దివిసీమలలో ఏ విద్యాలయ ప్రాంగణమును చూచినను సాయంకాలమునకు బంతి, బ్యాటు కనబడును. అయితే బ్యాటింగుపై గల మోజు బౌలింగుపై లేదు. బౌలింగు చేయువారికి కూడ వికెట్టుపై నున్న దృష్టి తమ శరీరమును సిద్ధపరచుకొనుటపై ఉండదు. బస్సు దిగి, సంచి ఒక మూల పడవేసి, రెండుమార్లు చేయి త్రిప్పి, కెప్టెను చేతినుండి క్రొత్త బంతి నందుకొనుట మన జట్లలో సర్వసాధారణము. మొదటి ఓవరులో రెండు వైడులు, ఒక నోబాలు. మూడవ ఓవరునకు గాని లయ కుదరదు. అప్పటికి పోవలసిన పరుగులు పోవును. ఇరువది ఓవర్ల పోటీలో అది చిన్న నష్టము కాదు. నడుమునకు, భుజమునకు కలుగు నష్టము అంతకంటె పెద్దది. మేము చెప్పదలచినది ఒక్కటే: నిలకడ పుట్టుకతో వచ్చు వరము కాదు. ప్రతిదినము ఒకే క్రమములో చేసికొను సన్నాహమునకు అది ఫలము.

మన ముందరివారు

క్రికెట్టు చరిత్రలో బందరునకు ఒక బంధుత్వము కలదు. భారత టెస్టు జట్టు తొలి నాయకుడు కొఠారి కనకయ్య నాయుడుగారు 1895లో నాగపూరులో జన్మించినను, వారి పూర్వులు మచిలీపట్నమువారు. 1916లో మొదటి తరగతి క్రికెట్టులో ప్రవేశించిన నాయుడుగారు 1963-64 వరకు ఆ స్థాయిలో ఆడిరి. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానమున జరిగిన మన తొలి టెస్టులో వారు క్రొత్త బంతిని మహమ్మద్ నిస్సార్ చేతికిచ్చిరి. ఇంగ్లాండు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయినది. అందు రెండు నిస్సార్ తీసినవి. ఆ ఇన్నింగ్సులో ఆయన 93 పరుగులిచ్చి ఐదు వికెట్లు పడగొట్టెను. తొలి ఓవర్లకు ఎంత విలువ యున్నదో ఆనాడే తేలినది.

హైదరాబాదు ఆఫ్‌స్పిన్నరు గులాం అహ్మద్ 22 టెస్టులలో 68 వికెట్లు తీసినాడు. 1950-51 రంజీ పోటీలలో హోల్కారు జట్టుపై ఒకే ఇన్నింగ్సులో ఆయన 92.3 ఓవర్లు, అనగా 555 బంతులు వేసెను. ప్రతి బంతికి చేయి, నడుము, అడుగు వేర్వేరు తీరులలో కదలినచో ఏ శరీరమును అన్ని బంతులు వేయజాలదు.

ఇక మన కాలములో మహమ్మద్ సిరాజ్‌ను చూడుడు. హైదరాబాదు వీధులలో టెన్నిసు బంతితో ఆరంభించి, 2015లో రంజీ జట్టులో చేరి, 2016-17లో 41 వికెట్లు తీసినాడు. 2025లో ఇంగ్లాండుపై జరిగిన ఐదు టెస్టులలోను ఆడి 1113 బంతులు వేసి, 23 వికెట్లు పడగొట్టెను. ఓవల్ మైదానమున ఆగస్టు 4వ తేదీ ఉదయము ఇంగ్లాండునకు 35 పరుగులు మాత్రమే కావలసియుండగా, ఆయన మూడు వికెట్లు తీసి మనకు ఆరు పరుగుల విజయము సంపాదించిపెట్టెను. వెయ్యి బంతుల తరువాత కూడ చెడని ఆ లయయే మన విద్యార్థులు నేర్వదగిన పాఠము.

ఎండ సన్నాహము కాదు

"మన ఊరి ఎండ చాలదా? శరీరము వేడెక్కియే యున్నది కదా!" అని మన బౌలర్లు తరచు అందురు. ఇది పొరపాటు. ఎండ చర్మమును వేడిచేయును, చెమట రూపమున నీటిని హరించును. సముద్రపు తేమ గల మన గాలిలో ఆ చెమట త్వరగా ఆరదు కనుక శరీరము చల్లబడుటయు కష్టమే. బౌలరునకు కావలసిన వేడి కండరములు పనిచేయుటవలన పుట్టునది. కండరము మెల్లగా పనిచేసినకొలది దానికి రక్తప్రసారము హెచ్చును, అది త్వరగా ముడుచుకొని త్వరగా సడలును, కీళ్లు తేలికగా కదలును. గంటసేపు బస్సులో ముడుచుకొని కూర్చుని వచ్చిన నడుమునకు ఏ ఎండయు ఈ మేలు చేయజాలదు.

కావున ఆటకు ముందు, వీలైనంతవరకు నీడలో, ఇరువది నిమిషముల క్రమము నొకదానిని అలవరచుకొనవలెను.

మొదటి ఐదు నిమిషములు మెల్లని పరుగు, ప్రక్క అడుగులు, వెనుక అడుగులు. తరువాతి ఐదు నిమిషములు కదలుచు చేయు వ్యాయామములు: కాలును ముందు వెనుకలకు ఊపుట, పెద్ద అడుగు వేసి మోకాలు వంచుట, నడుమును ఇరుప్రక్కలకు త్రిప్పుట, చేతులను చిన్న వలయములతో ఆరంభించి పెద్ద వలయములుగా త్రిప్పుట. ఒకే భంగిమలో చాలసేపు బిగబట్టి సాగదీయుట ఆటకు ముందు తగదు. కండరపు చురుకుదనము తాత్కాలికముగా తగ్గును. దానిని ఆట ముగిసిన పిమ్మట చేయవచ్చును.

మిగిలిన పది నిమిషములు బంతితో. మొదట నిలుచున్నచోటి నుండి నాలుగు బంతులు, పిదప మూడు నాలుగు అడుగులతో నాలుగు, సగము పరుగుతో నాలుగు, చివరకు పూర్తి పరుగుతో నాలుగు. వేగము సగము బలముతో మొదలై మెట్టుమెట్టుగా పెరుగవలెను. రెండవ విడత బౌలింగునకు పిలుపు వచ్చునప్పుడు శరీరము మరల చల్లబడియుండును. బౌండరీ వద్ద నున్నవాడు రెండు ఓవర్ల ముందుగానే కాళ్లు, చేతులు ఆడించుకొనుచుండవలెను. కెప్టెను కూడ ఆ సంగతి అతనికి ముందే తెలుపవలెను.

నిలకడకు నాలుగు గుర్తులు

మొదటిది, పరుగు కొలత. పాపింగ్ క్రీజు నుండి వెనుకకు పరుగెత్తి, సహజముగా బంతి విడుచు చోట గుర్తు పెట్టించుకొని, ఆ దూరమును అడుగులతో లెక్కించి వ్రాసికొనవలెను. ప్రతిసారి అదే పాదముతో మొదలిడవలెను. ముందు పాదములో కొంతయైనను క్రీజునకు వెనుకనుండవలెనని నియమము. నోబాలు ఎక్కువగా కొలత తప్పిన పరుగువలననే వచ్చును. మంగినపూడి, హంసలదీవి ఇసుకలో పరుగు పిక్కలకు బలము నిచ్చును గాని, కొలతను అక్కడ స్థిరపరచుకొనరాదు. మినుము తీసిన పిమ్మట బీటలు వారిన నల్లరేగడి మళ్లలో పూర్తి వేగముతో వేయుట చీలమండకు అపాయము.

రెండవది, తల. బంతి విడుచునప్పుడు తల ప్రక్కకు పడిపోరాదు, చూపు గురిపైననే యుండవలెను.

మూడవది, తుంటి, భుజముల పొందిక. రెండును ప్రక్కకు తిరిగియుండవచ్చును, లేదా రెండును ముందుకు తిరిగియుండవచ్చును. తుంటి ఒక దిక్కునకు, భుజము మరొక దిక్కునకు మెలిపెట్టు మిశ్రమ శైలి యువ ఫాస్టు బౌలర్ల నడుము ఎముకలో చీలిక తెచ్చునని వైద్యులు గుర్తించిరి. ఆస్ట్రేలియాకు చెందిన డెనిస్ లిల్లీకి 1973లో నడుము ఎముక ఇట్లే చీలినది. ఆయన దీర్ఘకాలము శ్రమించి, తన శైలిని దిద్దుకొని 1974-75లో తిరిగి వచ్చి, 355 టెస్టు వికెట్లతో 1984లో విరమించెను. 1987 నుండి మద్రాసులోని ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో మన యువకులకు శిక్షణ నిచ్చినదియు ఆయనయే.

నాలుగవది, బంతి విడుచు క్షణము. ముందుగా విడిచిన బంతి బ్యాటరు పాదముల వద్దకు పోవును, ఆలస్యముగా విడిచినది పొట్టిగా పడును. సాధనలో మంచి నిడివిపై ఒక రుమాలు పరచి, 24 బంతులలో ఎన్ని దాని చెంత పడినవో, తప్పినవి ఏవైపు తప్పినవో నోటుపుస్తకములో వ్రాసికొనుడు. చివరి ఆరు బంతుల లెక్క వేరుగా వ్రాయుడు. అలసినపుడు శైలి ఎక్కడ చెడుచున్నదో అదియే చూపును. పోటీ మధ్యలో మాత్రము శైలిని మార్చబూనరాదు. పరుగు లయను సరిచూచుకొనిన చాలును.

మోతాదు

టెన్నిసు బంతి సుమారు 58 గ్రాములు. క్రికెట్టు బంతి 156 నుండి 163 గ్రాములు. వీధిలో టెన్నిసు బంతితో పది ఓవర్లు వేసిన భుజము, దాదాపు మూడు రెట్లు బరువుగల తోలుబంతితోను అట్లే వేయగలదనుకొనరాదు. పరీక్షలకై నెలరోజులు బంతి ముట్టక, సంక్రాంతి పోటీలలో ఒక్కసారిగా రోజంతయు వేయుట మరింత ప్రమాదకరము. వారమువారము కొద్దికొద్దిగా పెంచుకొని రావలెను. ఇంగ్లాండు బోర్డు యువ ఫాస్టు బౌలర్లకు వయస్సును బట్టి ఓవర్ల పరిమితి నేర్పరచినది ఇందుకే. ముందుకాలు నేల తాకినప్పుడెల్ల నడుములో ఒక ప్రక్క నొప్పి తోచినచో, తైలము పూసి ఆడుట ధైర్యము కాదు. ఆట ఆపి ఎముకల వైద్యుని చూడవలెను.

రంజాను మాసమున రోజా పాటించు మన సోదరులు పగటిపూట పూర్తి వేగపు సాధన మానుట మేలు. సూర్యాస్తమయమునకు ముందు బంతి లేకుండ పరుగు లయను మాత్రము చూచుకొని, ఇఫ్తారు తరువాత, నీరు, ఆహారము ఒంటబట్టిన పిమ్మట బంతి పట్టవచ్చును. ఆ మాసమున పోటీ వచ్చినచో ఎన్ని ఓవర్లు వేయగలవని కెప్టెను అతనినే అడుగవలెను. మిగిలిన దినములలో దాహమగువరకు ఆగక, ఉప్పు వేసిన మజ్జిగయో, కొబ్బరినీరో మధ్యమధ్య త్రాగుచుండవలెను.

కమిటీవారికి విన్నపము

దీనికి పెద్ద వ్యయము అక్కరలేదు. జట్టు పోటీ సమయమునకు ముప్పావుగంట ముందు మైదానము చేరునట్లు ప్రయాణము నిర్ణయించుట, సాధనకు నేల చదునుచేసి ఒక చాప పరపించుట, కొలతకు ఒక టేపు, త్రాగునీరు, బౌలర్లు వేసిన బంతుల లెక్కకు ఒక రిజిస్టరు: ఇవి చాలును. మన కళాశాలలో చదువునకు వచ్చు పిల్లలలో పెక్కుమంది సామాన్య కుటుంబములవారు. నడుము చెడిన కుమారుని మంచమున పెట్టుకొని వైద్యము చేయింపగల స్తోమత వారి తలిదండ్రులకు లేదు. క్రీడ వారికి బలము కావలెను గాని భారము కారాదు.

గాయకులు దినదినము చేయు రియాజును, తెలుగువారు సాధన యనుదానిని వేర్వేరని మేము తలపము. రెండును ఒకే పనిని ప్రతిదినము అదే శ్రద్ధతో చేయుమని చెప్పుచున్నవి. విద్యార్థులారా! మొదటి ఓవరును సన్నాహమునకై వెచ్చింపకుడు. సన్నాహము ముందే ముగించి, మొదటి ఓవరును మీ జట్టు కిండు.