స్కాలర్‌షిప్పు, ఫోలిక్ ఆమ్లం, పసిబిడ్డ మెదడు

స్కాలర్‌షిప్పు అనగానే మనలో చాలామందికి ఫీజు, మెస్ బిల్లు గుర్తుకొస్తాయి. అందులో తప్పేమీ లేదు. కాని ఒక విద్యార్థికి సకాలంలో అందిన సాయం, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఎక్కడో పుట్టబోయే బిడ్డ మెదడును కాపాడగలదు. దానికి మన తెలుగునాటనే ఒక గొప్ప నిదర్శనం కలదు.

ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషను మూడోసారికిగాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివి, పై చదువుకు అమెరికా వెళ్ళాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. అలా 1920ల తొలినాళ్ళలో ఆయన హార్వర్డు చేరుకున్నారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది ఆయన ఆధ్వర్యంలోని శాస్త్రజ్ఞుల బృందమే. 1948లో ఆయన కన్నుమూశారు. ఆ పదార్థం పసిబిడ్డల మెదడుకు ఎంత ముఖ్యమో లోకానికి రుజువయ్యేనాటికి ఆయన లేరు.

ఇక అసలు విషయానికి వద్దాము. తల్లి కడుపులో మెదడు, వెన్నుపాము మొదట చదునైన పలకలాగ ఉంటాయి. చాపను చుట్టినట్లు ఆ పలక అంచులు రెండూ పైకి లేచి, కలిసి, ఒక గొట్టం అవుతాయి. దీనినే నాడీనాళం అంటారు. పిండం ఏర్పడిన 28 రోజులలోపే ఇది మూసుకోవాలి. పైభాగం మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు. అట్టి శిశువు బ్రతకదు. క్రిందిభాగం మూసుకోకపోతే స్పైనా బిఫిడా అనే వెన్నులోపం వస్తుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది, కాళ్ళు చచ్చుబడతాయి. ఆ సమయంలో జీవకణాలు అతివేగంగా విభజన చెందుతుంటాయి. కొత్త కణానికి కొత్త డి.ఎన్.ఏ. కావాలి. దాని తయారీకి ఫోలేటు అవసరం.

అంతకుముందు ఇటువంటి బిడ్డను కన్న తల్లులపై 7 దేశాలలో బ్రిటిషు వైద్య పరిశోధక మండలి ఒక పరిశీలన జరిపింది. గర్భం రాకమునుపే మొదలుపెట్టి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తే లోపాలు మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో వెల్లడైంది. మామూలు స్త్రీలకు 400 మైక్రోగ్రాములు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చిక్కంతా వేళ దగ్గరే ఉంది. నెల తప్పిందని తెలుసుకొని, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకొని, గోలీ మింగేసరికి చాలాసార్లు ఆ 28 రోజులు దాటిపోతాయి. నారుమడిలో వేయవలసిన ఎరువును పైరు పొట్టకొచ్చినాక వేస్తే ఏం లాభమో రైతుబిడ్డలకు వేరే చెప్పాలా?

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు సాగరు ఎడమకాలువ క్రింద వరి పండే ప్రాంతాలు. అయితే బియ్యం బాగా పాలిష్ పడితే తవుడుతోపాటు ఫోలేటు కూడా పోతుంది. 2021లో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం రేషను బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 గల గింజలు కలపడం మొదలైంది. అవి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవారూ ఉన్నారు! నిబంధన ప్రకారం కిలో బియ్యంలో ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా దక్కేది 30 నుంచి 50 మాత్రమే. మరి మిగతాది ఎక్కడినుంచి రావాలి? గంజి వార్చితే ఎంత పోతుంది? నాట్లకు పోయే కొత్త కోడళ్ళకు గోలీ ముందుగా చేరేదెట్లా? ఈ ప్రశ్నలు మన వాకిట్లోవే. వీటిని మనకన్నా దగ్గరగా చూసేవారెవరు?

పరిశోధన అంటే ఇంట్లో వచ్చే మాట ఒకటే: "ఇంకా ఎన్నేండ్లు చదువుతవు బిడ్డా? సంపాదన ఎప్పుడు?" దీనికి జవాబు లేకపోలేదు. ఇంటరు బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి మౌలిక శాస్త్రాలు చదివేవారి కోసం 2008లో ఇన్‌స్పైర్ పథకం వచ్చింది. దాని స్కాలర్‌షిప్పు ఏడాదికి 80,000 రూపాయలుగా నిర్ణయించారు. డిగ్రీలో ఉండగానే వేసవిలో రెండు నెలలు శాస్త్రవేత్తల దగ్గర పనిచేసేందుకు దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ఎం.ఎస్‌సి. తరువాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. పరీక్షలో నెగ్గితే జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు. ఆ మొత్తాన్ని 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలకు పెంచారు. వైద్య విద్యార్థులకైతే ఐ.సి.ఎం.ఆర్. స్వల్పకాలిక స్కాలర్‌షిప్పులు 1979లోనే మొదలైనాయి. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల కూడా వచ్చింది. పోషకాహారంపై పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ, జన్యువులపై పనిచేసే సి.సి.ఎం.బి. హైదరాబాదులోనే ఉన్నాయి. బస్సెక్కితే కొన్ని గంటల దారి.

అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ దరఖాస్తుల గడువు తేదీలు నోటీసు బోర్డులో పెట్టించండి, తరగతిలో ఒక్కసారి చదివి వినిపించండి. పూర్వవిద్యార్థులు ఫారం నింపడంలో తోడుపడితే అదే పదివేలు. గడువు దాటినాక తెలిసిన స్కాలర్‌షిప్పు, ఆ 28 రోజులు దాటినాక అందిన గోలీ వంటిదే.

మూడోసారికి మెట్రిక్ దాటిన సుబ్బారావుగారి మీద ఆనాడు నమ్మకం ఉంచినవారున్నారు. మన తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నవాడి మీద మనం ఉంచలేమా?