ఇంజిన్ లైటు వెలిగిందా? సెన్సార్ మార్చే ముందు ఇవి చూడండి

‘ఆటో డ్రైవర్ల సేవలో’ లబ్ధిదారులకు, డీజిల్ బండ్లు నడిపే వారందరికీ అవగాహన పాఠం



‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకాన్ని 2025 అక్టోబర్ 4న విజయవాడలో ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అర్హులైన ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ సొంతదారులైన డ్రైవర్లకు ఈ పథకం కింద 15,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలోకే వస్తాయి. బండి ఖర్చులకు అది ఆసరా. అయితే డీజిల్ బండిలో పొగను కొలిచే ఒక్క సెన్సార్‌ను అనవసరంగా మార్పిస్తే ఆ మొత్తమంతా అక్కడే ఖర్చయిపోవచ్చు. కొన్ని బండ్లలో నాక్స్ సెన్సార్ ధర ఈ సాయం కంటే ఎక్కువే. అందుకే ఈ పాఠం. తుమ్మపాల నుంచి అనకాపల్లి, చోడవరం వైపు ట్రిప్పులు కొట్టే డీజిల్ బండ్ల వారు ముఖ్యంగా చదవాలి. పెట్రోల్, సీఎన్‌జీ, కరెంటు బండ్లకు ఇందులోని డీపీఎఫ్, యూరియా విషయాలు వర్తించవు.

1. ఈ సెన్సార్లు ఎందుకు వచ్చాయి?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గింది. దాంతోపాటు సైలెన్సర్ లైనులోకి కొత్త భాగాలు చేరాయి.

• డీపీఎఫ్: పొగలోని మసిని పట్టే జల్లెడ.
• ప్రెజర్ సెన్సార్: ఆ జల్లెడకు ముందు, వెనుక ఒత్తిడిలో తేడాను కొలుస్తుంది. మసి నిండితే తేడా పెరుగుతుంది.
• టెంపరేచర్ సెన్సార్లు: పొగ ఎంత వేడిగా ఉందో చెబుతాయి.
• నాక్స్ సెన్సార్: నైట్రోజన్ ఆక్సైడ్లను కొలుస్తుంది. యూరియా ట్యాంకు ఉన్న బండ్లలో ఇది ఒకటో రెండో ఉంటాయి.

అన్ని బండ్లకూ ఇవన్నీ ఉండవు. చిన్న బండ్లలో కొన్నింటికి యూరియా ట్యాంకే ఉండదు. మీ బండికి ఏమున్నాయో కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో చూసుకోండి.

2. లైటు ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

లైటు వెలిగితే మెకానిక్ స్కానర్ పెట్టి ఒక కోడ్ చెబుతాడు. ఆ కోడ్ ఫిర్యాదు లాంటిది. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన తప్పు ఎవరిదో తేలిపోదు కదా! విచారణ జరగాలి.

• పి 2463: డీపీఎఫ్‌లో మసి ఎక్కువైంది. సెన్సార్ పాడైందని దీని అర్థం కాదు.
• పి 2453: ప్రెజర్ సెన్సార్ రీడింగ్ నమ్మేలా లేదు. సెన్సార్ కావచ్చు, దాని గొట్టం కావచ్చు, వైరు కావచ్చు.
• పి 0544: టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. ముందు వైరు, కప్లర్ చూడాలి.
• పి 2200: నాక్స్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం.
• పి 20ఇఇ: నాక్స్ తగ్గాల్సినంత తగ్గడం లేదు. ఇక్కడ సెన్సార్ నిజమే చెబుతూ ఉండొచ్చు, యూరియాలోనే తేడా ఉండొచ్చు.

ముఖ్య గమనిక: కోడ్‌ను చెరిపే ముందు స్కానర్ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు ఎంతో అందులో నమోదై ఉంటుంది. చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

3. దగ్గర ట్రిప్పులతో వచ్చే చిక్కు

స్టాండులో ఆగడం, నాలుగడుగులు వేయడం, మళ్లీ ఆగడం. ఇలా తిరిగే బండిలో సైలెన్సర్ సరిగా వేడెక్కదు. డీపీఎఫ్‌లో మసి కాలాలంటే బండి తనంతట తాను అక్కడి వేడిని సుమారు 600 డిగ్రీలకు తీసుకెళ్లాలి. ఆ పని సగంలో ఉండగా ఇంజిన్ ఆపేస్తే మసి అలాగే ఉండిపోతుంది. పదేపదే ఇలా జరిగితే లైటు వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది. అప్పుడు సెన్సార్ మార్చినా నాలుగు రోజుల్లో లైటు మళ్లీ వస్తుంది.

డీపీఎఫ్ లైటు మాత్రమే వెలిగి, మాన్యువల్ అనుమతిస్తే, జాతీయ రహదారి మీద 20–30 నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడపండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఆ వేడి మీద బండిని ఎండు చెరకాకు, గడ్డి మీద నిలపకండి, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. లైటు మిణుకుమిణుకుమంటున్నా, ఎర్ర లైటు వెలిగినా బండి నడపకుండా సర్వీస్ వారికి చూపించండి.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా చూడండి. ఆయిల్ పై గీత దాటి పెరిగిందంటే, మసి కాల్చడానికి వాడిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు. అలాంటప్పుడు ఆయిల్ మార్చాలి.

4. కొత్త సెన్సార్ కొనే ముందు ఐదు పరీక్షలు

మొదటిది, కంటి చూపు. వైరు కాలిందా, ఎలుక కొరికిందా, కప్లర్‌లో నీరు, పచ్చ చిలుము ఉన్నాయా చూడాలి. ప్రెజర్‌తో బండి కడిగించిన మరునాడే లైటు వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది కప్లర్‌నే.

రెండోది, ఉదయం పరీక్ష. రాత్రంతా ఆగిన బండిలో కీ మాత్రమే ఆన్ చేసి స్కానర్‌లో వేడి రీడింగులు చూడాలి. అన్నీ బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. మిగతావి 28 చూపిస్తుంటే ఒక్కటి 180 చూపిస్తోందంటే తప్పు ఆ సెన్సార్‌లోనో దాని వైరులోనో ఉంది.

మూడోది, సున్నా పరీక్ష. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచితే ప్రెజర్ సెన్సార్ దాదాపు సున్నా చూపాలి. స్టార్ట్ చేసి రేస్ ఇచ్చే కొద్దీ పెరగాలి. అలా కాకపోతే ముందు దాని రెండు గొట్టాలూ విప్పి చూడాలి. పగుళ్లు, మసి అడ్డం, అటుదిటు తగిలించడం తరచూ కనిపించే లోపాలు.

నాలుగోది, కరెంటు పరీక్ష. బ్యాటరీ, ఎర్త్, సెన్సార్‌కు వచ్చే సప్లై మల్టీమీటర్‌తో కొలవాలి. సప్లై సరిగా లేకపోతే మంచి సెన్సార్ కూడా తప్పే చెబుతుంది.

ఐదోది, నాక్స్ పరీక్ష. బండి బాగా వేడెక్కాక, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ ఆగుతుంది, నాక్స్ రీడింగ్ సున్నా వైపు పడాలి. పడకుండా ఒకే అంకె మీద నిలిచిపోతే సెన్సార్‌ను అనుమానించాలి. స్టార్ట్ చేసిన వెంటనే రీడింగ్ రాకపోవడం మాత్రం లోపం కాదు, అది వేడెక్కడానికి సమయం పడుతుంది. ఈ పరీక్షలో బండి నడిపేది ఒకరు, స్కానర్ చూసేది మరొకరు అయి ఉండాలి.

5. పొలం యూరియా పోయవద్దు

బండిలో పోసే ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలానికి వేసేది వేప పూత యూరియా. దాన్ని కుళాయి నీళ్లలో కరిగించి పోస్తే ఇంజెక్టర్ గడ్డకడుతుంది, ఖరీదైన క్యాటలిస్టు దెబ్బతింటుంది. పైగా అది సబ్సిడీ మీద రైతుకు వచ్చే ఎరువు, బండికి మళ్లించడం చట్టరీత్యా నేరం.

6. సెన్సార్ ‘బైపాస్’ వద్దు

లైటు రాకుండా చేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మోటారు వాహనాల చట్టంలోని 182-ఏ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఫిట్‌నెస్ దగ్గరా ఇబ్బందే. ఫిట్‌నెస్ లేకపోతే బండి రోడ్డెక్కదు, ఆ రోజు కిరాయి పోతుంది.

7. మెకానిక్‌ను అడగాల్సినవి

• కోడ్ ఏమిటి? కాగితం మీద రాసివ్వండి.
• సెన్సార్ తప్పని ఏ పరీక్షలో తేలింది? రీడింగ్ చూపించండి.
• వైరు, కప్లర్, గొట్టం చూశారా?
• మార్చిన పాత భాగం, బిల్లు నాకు ఇస్తారా?

అడగడానికి మొహమాటపడకండి. డబ్బు మీది, బండి మీది. పని తెలిసిన మెకానిక్ వీటికి సంతోషంగా జవాబు చెబుతాడు. బండికి వారంటీ ఉంటే బయట విప్పించకుండా ముందు కంపెనీ సర్వీస్ కేంద్రానికే వెళ్లండి.

పథకం అర్హత, దరఖాస్తు వివరాలకు మీ గ్రామ సచివాలయంలో ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, ఆర్సీ, బ్యాంకు పాసుపుస్తకంతో సంప్రదించండి. ఫోన్‌లో ఓటీపీ అడిగేవారిని నమ్మవద్దు.

ఈ పీడీఎఫ్‌ను మీ స్టాండ్ గ్రూపులో పంపండి. చదవడం రాని తోటి డ్రైవర్‌కు నాలుగో భాగం చదివి వినిపించండి.