ఏ మసీదు మనది అని పిల్లలు అడిగితే

చిలకలూరిపేటలోని ముస్లిం ఇళ్లలో ఈ మధ్య పిల్లల నోట ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "అబ్బా, మనం సున్నత్ జమాతా, తబ్లీగా?" "అమ్మీ, ఆ మసీదులో చదివిన నమాజు చెల్లదంట, నిజమేనా?" ఎనిమిదో తరగతి పిల్లవాడు అన్నం ముందు కూర్చుని ఈ మాట అంటే, పొద్దంతా జిన్నింగ్ మిల్లులోనో మిర్చి కొట్లోనో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన తండ్రికి జవాబు వెతుక్కునే ఓపిక ఉండదు. "నీకెందుకురా అవన్నీ, తిను" అంటాడు. లేదా "వాళ్లు దారి తప్పినోళ్లు, అటు పోమాక" అంటాడు. మొదటి జవాబుతో ప్రశ్న ఆగదు, ఫోన్ దగ్గరికి పోతుంది. రెండోది పిల్లవాడి మనసులో నాటుకుంటుంది, రేపు బడిలో తోటి పిల్లవాడి మొహం మీదే అనేస్తాడు.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ఈ ప్రశ్నను దాటెయ్యకండి. తేడా ఉన్నదని దాచవద్దు, తేడా ఎందుకొచ్చిందో చెప్పండి. కారణం తెలిసిన పిల్లవాడికి అవతలివాడి మీద కోపం రావడం కష్టం.

ముందు మనకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మన వైపు ఒకరినొకరు తప్పుబట్టుకునే రెండు మసీదుల వాళ్లూ చాలాసార్లు హనఫీలే. సున్నత్ జమాత్ అనే బరేలీ వారైనా, తబ్లీగ్ వైపు ఉండే దేవ్‌బంద్ వారైనా నమాజు చదివేది ఇమామ్ అబూ హనీఫా చెప్పిన తీరునే. చేతులు బొడ్డు కింద కట్టుకోవడం, ఆమీన్ మెల్లగా అనడం, రంజాన్ రాత్రుల్లో ఇరవై రకాతుల తరావీహ్, అన్నీ ఒకటే. లక్నోలోని ఫరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ 18వ శతాబ్దంలో కూర్చిన దర్సె నిజామీ చదువే ఇద్దరి మదరసాలకూ మూలం. దేవ్‌బంద్ మదరసా 1866లో మొదలైంది. బరేలీలోని అహ్మద్ రజా ఖాన్ 1921లో కన్నుమూశారు. అంటే మన పిల్లలు అనాదిగా ఉన్నదనుకునే ఈ గొడవ వయసు నూటయాభై ఏళ్ల పైచిలుకు. దర్గాకు వెళ్లి ఏమడగాలి, ఫాతిహా ఇవ్వొచ్చా, మిలాద్‌లో నిలబడి సలాం చదవాలా, ప్రవక్త (స) గురించి ఏ మాట వాడాలి, ఏది వాడకూడదు? తేడాలు ఇక్కడ. ఇవి చిన్న విషయాలని నేననను, నమ్మినవాళ్లకు చిన్నవి కావు. కానీ అల్లా, రసూల్, ఖుర్ఆన్, నమాజు, రోజా, జకాత్, హజ్ దగ్గర తేడా లేదన్నది పిల్లవాడు ముందు వినాలి.

అహలె హదీస్ వారు ఒకే ఇమామును పట్టుకోరు. నేరుగా ఖుర్ఆన్, హదీసులు చూసి నడుస్తామంటారు. వాళ్లు చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఆమీన్ గట్టిగా అనేది అందుకే. 1920లలో మేవాత్‌లో మౌలానా ఇలియాస్ మొదలుపెట్టిన తబ్లీగ్, 1941లో మౌదూదీ స్థాపించిన జమాతె ఇస్లామీ, ఇవి రెండూ మజ్హబులు (ధర్మశాస్త్ర మార్గాలు) కావు, పని కోసం ఏర్పడ్డ జమాత్‌లు. ఇంతవరకు చెప్పగలిగితే పిల్లవాడి సగం గందరగోళం తీరుతుంది.

మిగతా సగం ఎండలో తీర్చొచ్చు. మసీదు గోడ మీది నమాజు వేళల పట్టిక చూడండి, ఫోన్‌లో అజాన్ యాప్ తెరిచినా సరే. అసర్‌కు రెండు వేళలు కనిపిస్తాయి, ఇమామ్ షాఫయీ మజ్హబుది ఒకటి, హనఫీది ఒకటి. మార్చిలో మిర్చి ఆరబోసిన కల్లానికి పిల్లవాణ్ణి తీసుకెళ్లండి. జానెడు పుల్ల ఒకటి నిలువుగా నేలలో గుచ్చించండి. మిట్టమధ్యాహ్నం నీడ బాగా కురచైనప్పుడు దాని కొస దగ్గర గీత గీయించండి. పొద్దు వాలేకొద్దీ నీడ సాగుతుంది. మధ్యాహ్నపు నీడ కొలత తీసేశాక మిగిలింది పుల్లంత పొడవైనప్పుడు షాఫయీ, మాలికీ, హంబలీ వాళ్లకు అసర్ మొదలు. పుల్లకు రెట్టింపైనప్పుడు ఇమామ్ అబూ హనీఫా లెక్క ప్రకారం మొదలు. ఈ రెండింటి మధ్య మన ఊళ్లో సుమారు గంట. ఆ గంట సేపు కాయలు తిరగదోస్తూ మాట్లాడుకోండి. ఈ లెక్కలో అబూ హనీఫాతో ఆయన సొంత శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ కూడా ఏకీభవించలేదని, పుల్లంత నీడే చాలన్నారని చెప్పండి. అయినా ఆ ఇద్దరూ లేకుండా హనఫీ మజ్హబే లేదు. చెన్నైలోనో కేరళలోనో చదువుకునే పెద్దవాడు ఫోన్ చేసి "ఇక్కడ అసర్ తొందరగా చదివేస్తున్నారు" అంటే చిన్నవాడే కారణం చెప్పగలుగుతాడు. తమిళ, మలయాళ తీరాల్లో షాఫయీలు ఎక్కువ.

ఇమాముల సంగతి కూడా కథగా చెప్పాల్సిందే. క్రీ.శ. 767లో అబూ హనీఫా పోయారు. ఆయన శిష్యుడు ముహమ్మద్ దగ్గర ఇమామ్ షాఫయీ బాగ్దాద్‌లో చదువుకున్నారు. అంతకు ముందు మదీనాలో ఇమామ్ మాలిక్ దగ్గర చదివారు. షాఫయీ దగ్గర ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ నేర్చుకున్నారు. నలుగురి చదువులూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. గురువుతో విభేదించినవాడు గురువును తిట్టలేదు. మన పిల్లలు ఈ నాలుగు పేర్లూ నాలుగు పార్టీల పేర్లలా వింటున్నారు, ఆ పొరపాటు సరిదిద్దే బాధ్యత ఇంట్లోవాళ్లదే.

దీనికంతటికీ వేరు ప్రవక్త (స) కాలంలోనే ఉంది. హిజ్రీ 5లో కందక యుద్ధం ముగిశాక, బనూ ఖురైజా తెగ వాడకు చేరేదాకా ఎవరూ అసర్ చదవొద్దని సహాబాకు ఆజ్ఞ వచ్చింది. దారిలోనే పొద్దు వాలింది. కొందరు ఆ మాటకు అర్థం త్వరగా వెళ్లమనే అని, వేళ దాటకుండా దారిలో చదివేశారు. ఇంకొందరు మాట మాటే అని, అక్కడికి చేరాకే చదివారు. సంగతి ప్రవక్త (స) దగ్గరికి వెళ్లింది. ఆయన ఎవరినీ మందలించలేదు. బుఖారీలో ఉన్న హదీసు ఇది. నిద్రపోయే ముందు ఈ కథ చెప్పి, "నువ్వైతే ఏ గుంపులో ఉండేవాడివి?" అని అడగండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే చెరొక జవాబు రావచ్చు. రానివ్వండి.

కష్టమైనది వేరే ఉంది. పదిహేడేళ్ల కొడుకు మూడు రోజులు జమాత్‌లో వెళ్లొస్తాడు. వచ్చీ రాగానే దాదీ గుంటూరు కాలే మస్తాన్ వలీ దర్గాకో, కసుమూరుకో బయల్దేరుతుంటే "అది షిర్క్" అంటాడు. దాదీ కళ్లు చెమరుస్తాయి, తండ్రి చెయ్యెత్తుతాడు. చెయ్యి దించండి. ఆ పిల్లవాడు తెల్లవారుజామున ఫజర్‌కు లేస్తున్నాడు, సిగరెట్ మానేశాడు, అబద్ధానికి భయపడుతున్నాడు. వాడి భక్తిని కొట్టకండి. వాడి మాట తీరును దిద్దండి. తల్లిదండ్రుల మీద, పెద్దల మీద విసుక్కోవద్దని ఖుర్ఆనే చెప్పిందని, అది కూడా తౌహీద్ చెప్పిన చోటే చెప్పిందని గుర్తు చెయ్యండి. ఆ తర్వాత దాదీ పక్కన కూర్చోబెట్టి, ఆమె అక్కడ ఏమడుగుతుందో ఆమెనే అడగమనండి. "అడిగేది అల్లానే రా, ఆ పెద్దాయన అల్లాకు దగ్గరివాడని ఆయన దగ్గర కూర్చుని అడుగుతా" అని చెప్పే దాదీలు మన ఊళ్లో చాలామంది. దాని మీద ఉలమాలో భేదం ఉంది, ఉంటుంది. పిల్లవాడు తన అభిప్రాయం తాను పెట్టుకోవచ్చు. కానీ ఆమె మనసులో ఏముందో వినకుండా తీర్పు చెప్పే హక్కు వాడికి లేదు. దాదీకి కూడా ఒక మాట చెప్పాలి, మనవణ్ణి "వహాబీ" అని పిలవొద్దని. ఫాతిహా అన్నం వాడు తినకపోతే బలవంతం చెయ్యకండి. పళ్లెం తోసెయ్యడం మాత్రం ఒప్పుకోకండి.

మన ఊరికి ఒక గర్వకారణం ఉంది, అది కూడా ఇప్పుడు పిల్లల ప్రశ్నల్లోకి వస్తోంది. చిలకలూరిపేట పేరు మీద నాదస్వర సంప్రదాయమే ఒకటుంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ ఇక్కడి ఆదం సాహెబ్ దగ్గర విద్య నేర్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి అక్కడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన పరంపరలోని షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. "గుడిలో వాయించినోళ్లు ముస్లింలెలా అవుతారు?" అని పిల్లవాడు అడిగితే తడబడకండి. సంగీతం మీద ఉలమాలో ఏనాటి నుంచో రెండు మాటలున్నాయి, ఆ సంగతి దాచకుండా చెప్పండి. కానీ నమాజు చదివి, రోజాలుండి, తాతల నాటి విద్యతో పిల్లల్ని పోషించుకున్న మనిషి దీన్‌ను కొలిచే తక్కెడ మన ఇంట్లో లేదని కూడా చెప్పండి.

ఇంతకన్నా బాధ కలిగించే చీలిక ఒకటి మన పత్తి నేలలో ఉంది. దానికి మజ్హబుతో సంబంధం లేదు. దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, ఒకప్పుడు వీధి వీధీ తిరిగి విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టినవారు. వాళ్ల ఇంటి భాష తెలుగు. ఉర్దూ మాట్లాడే షేక్‌ల ఇళ్లలో కొందరు వాళ్లను ఇప్పటికీ తక్కువ చేసి మాట్లాడతారు. సంబంధాలు కలుపుకోరు. ప్రభుత్వ జాబితాలో కూడా దూదేకులవారు బీసీ-బీలో ఉంటే, షేక్‌లు 2007 చట్టంతో బీసీ-ఇలోకి వచ్చారు. రిజర్వేషన్ కాగితం వేరు కావచ్చు, నమాజు వరుస వేరు కాదు. ఫిర్ఖాల ఐక్యత గురించి జుమ్మా బయానులో విని తల ఊపి, ఇంటికొచ్చి "వాళ్లు దూదేకులోళ్లు లే" అనే తండ్రి నుంచి పిల్లవాడు నేర్చుకునేది ఈ రెండో మాటే. తెలుగులో దుఆ చేసే నోరు తక్కువ కాదని మీ పిల్లలు మీ నోటే వినాలి. నూర్‌బాషా తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ పిల్లలకు ఉర్దూ రాలేదని సిగ్గుపడనివ్వకండి. చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చి సుమారు వందేళ్లయింది, ఆ తర్వాత ఇంకా అనువాదాలు వచ్చాయి. అరబ్బీ తిలావత్‌తో పాటు రోజూ అర పేజీ తెలుగులో చదివించండి.

మొహర్రం వచ్చినప్పుడు ఇంకో అవకాశం. పల్లెల్లో పీర్లు లేస్తాయి, అలావ చుట్టూ హిందువులూ ముస్లింలూ తిరుగుతారు. ఈ ఆచారం తెలుగు నేల మీద పెరిగింది గోల్కొండ కుతుబ్ షాహీల నీడలో. వాళ్లు షియాలు. మనకు కనుచూపు మేరలో ఉన్న కొండవీడు 16వ శతాబ్దం చివర్లో వాళ్ల చేతికి వచ్చింది. పీర్లు ఎత్తడం తప్పని మీరు నమ్మవచ్చు, చాలామంది ఉలమా అదే చెబుతారు. కానీ క్రీ.శ. 680లో కర్బలాలో హుసేన్ (రజి) ఎందుకు ప్రాణమిచ్చారో మీ పిల్లవాడికి తెలియాలి. ఆయన కోసం సున్నీ ఏడుస్తాడు, షియా ఏడుస్తాడు.

మక్కాను చూపించి ఐక్యత గురించి చెప్పే తల్లిదండ్రులు దాని చరిత్ర కూడా చెబితే మంచిది. కాబా చుట్టూ కొన్ని వందల ఏళ్లు నాలుగు మజ్హబులకు నాలుగు చోట్లు, నలుగురు ఇమాములు ఉండేవారు. 12వ శతాబ్దంలో హజ్‌కు వెళ్లిన ఇబ్ను జుబైర్ అది కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1920లలో సౌదీ పాలన వచ్చాకే అందరూ ఒక ఇమాము వెనక నిలబడ్డారు. ఈ రోజు అక్కడ ఒకే వరుసలో ఒకరు బొడ్డు కింద, ఒకరు ఛాతీ మీద చేతులు కట్టుకుంటారు, ఒకరు కిందికి వదిలేస్తారు. 1973లో మన హైదరాబాద్‌లో ముస్లిం పర్సనల్ లా బోర్డు ఏర్పడ్డప్పుడు దేవ్‌బందీ, బరేలీ, అహలె హదీస్, షియా పెద్దలు కలిసి కూర్చున్నారు. 2005లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో యాభై దేశాల నుంచి వచ్చిన రెండు వందల మంది ఉలమా ఎనిమిది మజ్హబులను, అందులో షియాల జాఫరీ, జైదీలను కూడా, ఇస్లాంలోనివేనని ఒప్పుకున్నారు. వాటిని పాటించేవారిని కాఫిర్ అనకూడదని తీర్మానించారు.

అందుకే ఇంట్లో ఒక నియమం పెట్టండి. కలిమా చదివిన ఏ ఒక్కరినీ ఎవరూ కాఫిర్ అనకూడదు, కోపంలో అయినా, నవ్వులాటకైనా. ఫోన్‌లో ఎక్కడి నుంచో వచ్చే రెండు నిమిషాల వీడియోల్లో ఈ మాట చాలా తేలిగ్గా దొర్లుతోంది. ఫోన్ లాక్కోవడం వల్ల ఫలితం లేదు. పిల్లవాడితో కలిసి ఆ వీడియో చూడండి. తర్వాత మీ మసీదు ఇమాం దగ్గరికి, ఆపైన అవతలి మసీదు ఇమాం దగ్గరికి కూడా తీసుకెళ్లి, అదే ప్రశ్న ఇద్దరినీ అడగనివ్వండి. వీడియోలో అరిచే మనిషికీ, ఎదురుగా కూర్చుని చాయ్ ఇచ్చి జవాబు చెప్పే మనిషికీ తేడా పిల్లవాడే పసిగడతాడు. రంజాన్‌లో ఒక్క జుమ్మా అయినా అవతలి మసీదులో చదవండి.

ఆడపిల్ల సంబంధం దగ్గర ఇదంతా పరీక్షకు వస్తుంది. అబ్బాయి తబ్లీగ్ అని, లేదా దర్గాకు వెళ్లే ఇల్లని మంచి సంబంధాలు వెనక్కి పోతున్నాయి. కుర్రాడు నమాజు చదువుతాడా, సంపాదన హలాలా, చెయ్యెత్తే రకమా, ముందు ఇవి చూడండి. ఆ తర్వాత పిల్ల ఇష్టం అడగండి. అత్తింట్లో ఫాతిహాకు కూర్చోవాలా వద్దా, ఇజ్తెమాకు వెళ్లనిస్తారా, పుట్టే పిల్లలను ఏ మదరసాకు పంపుతారు వంటివి నిఖా ముందే రెండు వైపుల పెద్దల ఎదుట, పిల్ల వింటుండగా తేల్చుకోండి. అబ్బాయి నోటితో జవాబు రానివ్వండి, వాళ్ల నాన్న నోటితో కాదు.