ఒకే తేదీ, వేర్వేరు లెక్కలు



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాత భూమి రికార్డులను డేటాబేసులోకి ఎక్కించే పనికి పూనుకున్నవారు, కాగితం మీది సంవత్సరం ఏ లెక్క ప్రకారం రాసినదో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. నిజాం రాజ్యపు రెవెన్యూ వ్యవహారాలు ఫస్లీ అనే పంటల సంవత్సరాన్ని అనుసరించేవి. అది అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది గనుక, ఆ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1949 ఆగస్టు 15 నాటి జాగీర్ల రద్దు శాసనం 1358 ఫస్లీ పేరుతో ఉండటం ఈ లెక్కవల్లనే. మద్రాసు ఫస్లీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి ఈ సూత్రం దానికి చెల్లదు. ఫస్లీకి సిద్ధమైన ఫంక్షన్ ప్రధాన డేటాబేసుల్లో లేనందున, మూలంలోని సంవత్సరాన్ని ఉన్నదున్నట్టు ఒక గడిలో ఉంచి, మార్చిన తేదీని పక్క గడిలో రాయడం మేలు; నెల తెలియని చోట జనవరి 1 అని నింపడం తప్పుడు రికార్డు పుట్టించడమే.

ఇలా మార్చిన తేదీలతో లెక్కలు వేసేటప్పుడు ఎస్‌క్యూఎల్ మాండలికాలు, అంటే ఒకే ప్రశ్నాభాషకు ఒక్కో డేటాబేసు ఇచ్చుకున్న సొంత రూపాలు, పేర్లలో మాత్రమే తేడాపడితే చిక్కేమీ లేదు. ప్రస్తుత సమయాన్ని ఒరాకిల్ సిస్‌డేట్ అంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ గెట్‌డేట్ అంటుంది. ఒకదాని పేరు మరొకదానిలో రాస్తే పని అక్కడికక్కడే ఆగి, తప్పు బయటపడుతుంది. పేరు కలిసి అర్థం వేరైన చోటనే అసలు ప్రమాదం. డేట్‌డిఫ్ అనే ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్‌లో రెండు తేదీల మధ్య రోజులను చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సంవత్సరాలు అడిగితే ఎన్ని జనవరి 1లు దాటాయో చూస్తుంది గనుక, డిసెంబరు 31కీ మరునాటికీ మధ్య ఏడాది ఉందని జవాబిస్తుంది. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో ప్రారంభమైన రైతుబంధు వంటి పంట సాయం పథకంలో, యాసంగి పంటకాలం జనవరిని దాటి సాగుతుంది కాబట్టి, అటువంటి జవాబును నమ్ముకోవడం కుదరదు. నెల కలపడంలోనూ ఇదే తీరు: 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే పోస్ట్‌గ్రెస్ ఫిబ్రవరి 29 ఇస్తుంది, ఎస్‌క్యూలైట్ మామూలుగా మార్చి 2 ఇస్తుంది.

తేదీతోపాటు గంటలూ నమోదయ్యే గని కార్మికుల హాజరు వంటి లెక్కలో మరొక మెలిక ఉంది. గోదావరిఖనిలో మే 1 తెల్లవారుజామున 2 గంటలకు పడిన హాజరును యూటీసీలో, అంటే మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనుక నడిచే ప్రపంచ ప్రామాణిక కాలంలో, దాచితే అది ఏప్రిల్ 30 రాత్రి 8.30 అవుతుంది, నెలవారీ మొత్తం తీసే ముందు భారత కాలానికి మార్చకపోతే ఆ షిఫ్టు వెనకటి నెల ఖాతాలో పడుతుంది.

అందుచేత తేదీ ఫంక్షన్లను ప్రోగ్రామంతటా వెదజల్లక, "యాసంగి ఏడాది", "నెలాఖరు" వంటి పని పేర్లతో ఒక్కచోట చేర్చి, ఒక్కో డేటాబేసుకు తగిన రూపాన్ని అక్కడే రాసి, ప్రతి డేటాబేసు మీదా అవే తేదీలతో పరీక్షించాలి. ఆ తేదీల్లో 2016 అక్టోబరు 11 తప్పక ఉండాలి. ఆనాడు ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు విడిపోయినందున, రికార్డుకు ఏ జిల్లా పేరు పడాలో ఆ తేదీని బట్టే తేలుతుంది.