వార్త అడగకుండా పలకరించండి

హైదరాబాద్‌లో రిపోర్టర్‌గా చేరి నెలైంది. అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురితో కలిసి ఒక గది. ఫోన్ నిండా పీఆర్వోల వాట్సాప్ గ్రూపులు. నమ్మకంగా ఫోన్ చేయదగ్గ సోర్స్ మాత్రం ఒక్కరూ లేరు. ఊళ్లో కంట్రిబ్యూటర్‌గా ఉన్నప్పుడు పోలీస్ స్టేషన్‌కి వెళ్తే కుర్చీ వేసేవారు. ఇక్కడ గేటు దగ్గరే ‘ఎవరు మీరు?’ అంటున్నారు. మీ పరిస్థితి ఇదేనా?

కంగారు పడకండి. ఇది ఖాయంగా మారుతుంది. ఊళ్లో పరిచయాలు పుట్టుకతో వచ్చాయి. ఇక్కడ సంపాదించుకోవాలి. తేడా అంతే.

ఒక్క అలవాటు చెబుతాను. రోజుకు ఒక కొత్త మనిషిని పలకరించండి. వార్త అడగకండి.

మళ్లీ చెబుతున్నా, వార్త అడగకండి. పేరు అడగండి. ఊరు అడగండి. డ్యూటీ ఎన్నింటికి దిగుతారో అడగండి. కలిసి ఒక టీ తాగి వచ్చేయండి. రాత్రి నోట్‌బుక్‌లో పేరు, ఊరు, నంబర్, మాట్లాడిన విషయం రాసుకోండి. పిల్లాడికి జ్వరమని చెప్పారా? అదీ రాయండి. వారం తర్వాత కనిపిస్తే ముందు ఆ సంగతే అడగండి.

ఎవరిని పలకరించాలి? ఇన్‌స్పెక్టర్ కోసం స్టేషన్లో గంటసేపు కూర్చుంటారు కదా. ఆ గంటా స్టేషన్ రైటర్ మీ ఎదురుగానే ఉంటారు. ఏ ఫిర్యాదు ఎప్పుడొచ్చిందో, ఏ సెక్షన్ పెట్టారో ఆయనకు తెలుసు. గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో వెళ్తే సూపరింటెండెంట్ గది ఒక్కటే చూసి రాకండి. పోలీస్ ఔట్‌పోస్టు దగ్గర ఆగండి. స్ట్రెచర్ తోసే అన్నకు నమస్తే చెప్పండి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. అధికారుల పక్కన కుర్చీ వెతుక్కోకుండా అర్జీల లైనులో నిలబడండి. నాలుగోసారి వచ్చినవాళ్లు కనిపిస్తారు. పాత రసీదులన్నీ క్యారీబ్యాగులో భద్రంగా చుట్టి తెచ్చుకుంటారు. చూపించమనండి. మీ వార్తకు కావాల్సిన తేదీలన్నీ అందులోనే ఉంటాయి. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లోనూ అంతే. మైకు పట్టుకున్న నాయకుడి బైట్ అందరికీ దొరుకుతుంది. వెనక వరుసలో కూర్చున్న ఆవిడ ఏ ఊరి నుంచి, ఎవరి దగ్గర చార్జీలకు అప్పు తీసుకుని వచ్చిందో మీరే అడిగి తెలుసుకోవాలి.

మూడు నెలలు చేయండి. తొంభై మంది అవుతారు. సగం మంది మిమ్మల్ని మర్చిపోతారు, పర్వాలేదు. మిగిలిన వారిలో ఒక్కరు రాత్రి రెండింటికి ఫోన్ చేసినా చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అలవాటు లేక నేను పెద్ద మూల్యమే చెల్లించాను. నిజానికి చెల్లించింది నేను కాదు, ఒక తల్లి.

నేను కొత్తగా చేరిన రోజులు. ఒక రోడ్డు ప్రమాదం జరిగింది. డెడ్‌లైన్ తరుముతోంది. టీవీ స్క్రోలింగ్‌లో వచ్చిన పేర్లనే మృతుల జాబితాగా రాసిచ్చేశాను. అందులో ఒకతను బతికే ఉన్నాడు, ఐసీయూలో. తెల్లారి పేపర్ చూసి ఊళ్లో వాళ్లమ్మ కుప్పకూలిపోయింది. వాళ్లన్న ఆఫీసుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. ‘ఆసుపత్రికి ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది కదా సార్’ అన్నాడు. ఆ రాత్రి ఆ ఆసుపత్రిలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఉండుంటే ఒక్క నిమిషం పని.

అందుకే అవసరం రాకముందే మనుషులు తెలిసుండాలి. దాంతోపాటు ఈ మూడూ ఇవాళ్టి నుంచే రూల్‌గా పెట్టుకోండి:

1. చావు కబురు స్క్రోలింగ్ చూసి రాయకూడదు. ఆసుపత్రి, పోలీసు, రెండు చోట్లా నిర్ధారించుకోవాలి. పేరు, వయసు, ఊరు అక్షరం అక్షరం సరిచూడాలి. డెడ్‌లైన్ దాటితే డెస్క్ తిడుతుంది. తిట్లు పడండి.

2. లైంగిక దాడికి గురైన పిల్లల వార్తలో పేరే కాదు, స్కూలు, వీధి, బంధువుల వివరాలూ రాయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం దీన్ని నేరమంటోంది. చట్టం లేకపోయినా మీరు రాయకూడదు.

3. ప్రెస్‌మీట్ అయ్యాక చేతిలో పెట్టే కవర్ తీసుకోకూడదు. మొదటిసారే ‘వద్దండీ’ అనేయండి. మొదటిసారి తీసుకుంటే రెండోసారి వద్దనడానికి నోరు రాదు. జీతం తక్కువని నాకు తెలుసు. అయినా వద్దు.

ఇక యాస. మీది శ్రీకాకుళమైనా, ఆదిలాబాదైనా, అనంతపురమైనా దాచుకోకండి. ‘మీదే ఊరు?’ అని అవతలివాళ్లు అడిగారంటే సంభాషణ మొదలైనట్టే. దాంతోపాటు ఇక్కడి ఉర్దూ నాలుగు మాటలు నేర్చుకోండి. తప్పులతోనే మాట్లాడండి. అఫ్జల్‌గంజ్‌లో ఇరానీ చాయ్ ముందు కూర్చుంటే ఆ తప్పుల్ని ఓపిగ్గా దిద్దేవాళ్లు దొరుకుతారు.

అక్కడే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. వీక్లీ ఆఫ్‌లో రెండు గంటలు అక్కడ గడపండి. మూసీకి వరదొస్తే అందరూ నీళ్ల ఫొటోలే వేస్తారు. 1908 సెప్టెంబరు వరద ఈ నగరాన్ని ఎలా ముంచిందో, ఆ దెబ్బతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఎలా కట్టారో చదివిన రిపోర్టర్ వేసే ప్రశ్నే వేరు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ గురించీ చదవండి. నిజాం పాలనకు ఎదురు నిలిచి రాసినందుకు 1948 ఆగస్టులో ఇదే నగరంలో ఆయన్ని చంపేశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. దాదాపు మీ వయసే.

నెలకు ఒక ఆర్టీఐ దరఖాస్తు వేయండి. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అప్పీలుకు వెళ్లండి. మీ బీట్‌లో ఎవరికీ లేని కాగితం మీ చేతిలో ఉంటుంది.

ఒంటి సంగతి కూడా. ఎడిషన్ పనయ్యాక అర్ధరాత్రి మెట్రో ఉండదు. అద్దె వెయ్యి ఎక్కువైనా ఆఫీసుకు దగ్గర్లోనే గది చూసుకోండి. పొద్దున టిఫిన్ మానకండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘బాగానే ఉన్నా’ అని పెట్టేయకండి. ఆరోజు కలిసిన మనిషి గురించి అమ్మకు చెప్పండి. ఆవిడ అడిగే ప్రశ్నల్లో మీరు అడగడం మర్చిపోయింది ఒకటైనా ఉంటుంది.

నోట్‌బుక్ ఇవాళే కొనండి. రేపు ఆఫీసు మెట్లెక్కే ముందు వాచ్‌మన్ దగ్గర ఆగండి. నెల నుంచి రోజూ ఆయన ముందునుంచే వెళ్తున్నారు. ఆయన పేరేంటి? తెలియకపోతే అడగండి. మొదటి పేజీలో మొదటి పేరు ఆయనదే రాయండి.