శిథిలసమాధి: చిత్రశిల్పసృష్టిలో ప్రకృతిదర్శనము

మాళవికాగ్నిమిత్రము ద్వితీయాంకమున అగ్నిమిత్రుడు నాట్యప్రదర్శనమునకు వచ్చిన మాళవికను మొదటిసారి ప్రత్యక్షముగ చూచును. అంతకుముందు ఆమె రూపమును అతడు చిత్రపటమున మాత్రమే చూచియుండెను. ఆ పటములోని సౌందర్యము వాస్తవముగ నుండునా యని లోగడ శంకించిన రాజు, ఇప్పుడు ఆమెను చూచి, చిత్రకారుడే ఆమె సౌందర్యమును పూర్తిగ అందుకొనలేకపోయెనని గ్రహించును. ఆ లోపమునకు కాళిదాసు పెట్టిన పేరు 'శిథిలసమాధి'. చిత్రకారుని హస్తమునుగాని, తూలికనుగాని, వర్ణములనుగాని రాజు నిందింపలేదు. చిత్తము సడలినదని మాత్రమే పలికెను. కళాకారుని సృష్టిప్రక్రియను గూర్చి మన పూర్వుల భావన యెట్టిదో తెలిసికొనుటకు ఈ యొక్క పదము చక్కని ద్వారము. ఆనంద కుమారస్వామి 1934లో ప్రకటించిన ప్రసిద్ధగ్రంథమున దీని ప్రాముఖ్యమును గుర్తించియున్నారు.

ఇచట నొక పూర్వపక్షము కలదు. భారతీయశిల్పి ప్రకృతిని పరిశీలింపడనియు, కన్నులు మూసికొని ధ్యానించి, తాళమానముల ననుసరించి రూపమును నిర్మించుననియు కొందరి వాదము. దీనికి శుక్రనీతిసారము ఆధారముగ చూపబడుచుండును. ప్రతిమాకారకుడు ధ్యానపరుడు కావలయుననియు, ప్రత్యక్షదర్శనము సైతము ధ్యానమునకు సాటిరాదనియు ఆ గ్రంథాభిప్రాయము. ఈ వాదమే సత్యమైనచో, శాస్త్రము కళాకారుని కన్నులకు గంతలు కట్టినదని అంగీకరింపవలసి వచ్చును. శిల్పశాస్త్రపాఠము అంగుళముల పట్టికలతోనే ముగిసినచో విద్యార్థికి కలుగు అభిప్రాయము కూడ ఇదియే.

ఈ వాదము నిలువదు. శుక్రనీతివాక్యము దేవతాప్రతిమలను గూర్చినది. దేవత చర్మచక్షువులకు గోచరము కాదు గనుక అచట ధ్యానమే శరణ్యము. దానిని లేడికిని, ఏనుగునకును, నదీతరంగమునకును అన్వయించుట ప్రకరణవిరుద్ధము. అంతియేగాక, ప్రస్తుతము లభించుచున్న శుక్రనీతిసారము చాల అర్వాచీనమని వాదించిన పండితులును కలరు. కావున ఆ యొక్క వాక్యముపై సమస్తభారతీయకళాసిద్ధాంతమును నిలుపుట యుక్తము కాదు.

ఈ విషయమున ప్రధానప్రమాణము విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండములోని చిత్రసూత్రము. 35వ అధ్యాయము మొదలు 43వ అధ్యాయము వరకు గల ఈ భాగమును స్టెల్లా క్రామ్రిష్ 1924లో ఆంగ్లమున పరిచయము చేసిరి. ఇందు మానము లేకపోలేదు. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులను పంచపురుషులకు వరుసగ 108, 106, 104, 100, 90 అంగుళముల ప్రమాణము చెప్పబడినది. కాని గ్రంథము అంతటితో ఆగలేదు. 42వ అధ్యాయము ప్రకృతిదర్శనపాఠమే. గ్రీష్మమును చిత్రింపవలసినచో అలసిన మనుజులను, నీడలు చేరిన మృగములను, బురదలో పొరలు మహిషములను, ఎండిన జలాశయములను చూపవలయును. వర్షర్తువునకు నీటిబరువుతో వంగిన మేఘములు, మెరుపు, ఇంద్రధనుస్సు గుర్తులు. కన్నులకు కనబడిన దానిని చక్కగ పోలునట్లు లిఖింపవలయుననియు, చిత్రమున సాదృశ్యమే ప్రధానమనియు ఆ అధ్యాయము స్పష్టముగ చెప్పుచున్నది. బురదలో పొరలు మహిషమును చూడనివాడు దానిని ఏ మానముతో కల్పింపగలడు?

43వ అధ్యాయము మరియొక మెట్టు ఎక్కినది. తరంగములను, అగ్నిశిఖలను, ధూమమును, పతాకలను వాయుగతి ననుసరించి లిఖింపగలవాడే చిత్రవేత్త. నిద్రించినవానియందు చైతన్యమును, మృతునియందు చైతన్యరాహిత్యమును చూపగలిగినవాడే నిపుణుడు. ఈ పరీక్షలు కొలతలకు లొంగునవి కావు. నిద్రితుని దేహమునకును మృతదేహమునకును అంగుళప్రమాణము ఒక్కటియే. భేదము ప్రాణమునందున్నది. ఆ భేదమును పట్టునది కన్ను, దానిని నిలుపునది చిత్తము, దానిని చూపునది రేఖ.

ఈ అధ్యాయముననే చిత్రము చెడుటకు గల హేతువులు చెప్పబడినవి. వానిలో ఆసనము సరిగ లేకుండుట, దప్పిక, అన్యచిత్తత చేరియున్నవి. ఈ పరిగణనము మిక్కిలి లౌకికము, మిక్కిలి యథార్థము. కూర్చుండుటకు అనుకూలమైన చోటు లేనివాడును, దప్పికగొన్నవాడును, మనస్సు వేరొకచోట నున్నవాడును చిత్రమును చెరచును. కవి 'శిథిలసమాధి' యన్న దానిని శాస్త్రకారుడు 'అన్యచిత్తత' యనెను. కావున చిత్రకారుని విషయమున సమాధి యనగా లోకమునుండి దృష్టిని మరల్చుకొనుట కాదు. చూచిన వస్తువునందే చిత్తమును సడలకుండ నిలుపుట. 40వ అధ్యాయమున చిత్రకారుడు శ్వేతవస్త్రధారియై, ప్రాఙ్ముఖుడై, దేవతలను ధ్యానించి పని ప్రారంభింపవలయునని విధింపబడినది. ధ్యానమును విధించినదియు, సాదృశ్యమును విధించినదియు ఒకే గ్రంథము. రెండింటికి విరోధము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసము చిత్రములను విభజించుచు, అద్దములోని ప్రతిబింబమువలె నుండు దానిని విద్ధమనియు, లిఖింపవలయునను తలంపు అకస్మాత్తుగ కలిగినపుడు వెలువడు దానిని అవిద్ధమనియు పేర్కొన్నది. ప్రతిబింబమునకును స్ఫురణకును శాస్త్రమున సమానముగ స్థానము కలదని దీనివలన తేలుచున్నది.

ఈ ప్రక్రియ యెట్లు జరుగునో అభిజ్ఞానశాకుంతల షష్ఠాంకము చూపుచున్నది. అచట చిత్రకారుడు దుష్యంతుడే. శకుంతలారూపము లిఖింపబడినది, కాని పటము పూర్తి కాలేదు. ఇంక లిఖింపవలసిన వానిని రాజు లెక్కించును: ఇసుకతిన్నెలపై హంసమిథునములు గల మాలినీనది, లేళ్లు కూర్చున్న హిమవత్పాదములు, వల్కలములు వ్రేలాడు వృక్షము, దాని క్రింద కృష్ణసారము కొమ్ముకు తన ఎడమకంటిని రుద్దుకొను ఆడులేడి. ఈ కడపటి దృశ్యము ఆలోచింపదగినది. కొమ్ము వాడియైనది, కన్ను మిక్కిలి సుకుమారమైనది. మగలేడి ఒక్కసారి తల కదల్చినచో కన్ను పోవును. అయినను ఆడులేడి నిశ్శంకముగ నున్నది. ఆశ్రమమున కన్నులార చూచినవానికే ఈ దృశ్యము లభించును. అయితే చూచినవానిలో దీనినే యేల ఏరుకొనెను? తన్ను విశ్వసించిన శకుంతలను తాను నిరాకరించెను గనుక. పశ్చాత్తప్తుడైన చిత్రకారుని హృదయమునకు ప్రకృతిలో దొరకిన రూపము ఆ విశ్వాసమే. దర్శనము, స్మరణము, భావానుగుణమైన గ్రహణము, పిదప రేఖ. ఇదియే సృష్టిక్రమము. యశోధరుడు కామసూత్రవ్యాఖ్యయందు చెప్పిన చిత్రషడంగములలో సాదృశ్యమును, భావమును రెండింటిని చేర్చుటకు కారణమును ఇచటనే కానవచ్చును.

శిల్పమునందును ఇదియే గతి. చిత్రసూత్రము తెలియక ప్రతిమాలక్షణము తెలియదని మార్కండేయుడు వజ్రునకు చెప్పియుండెను గదా! మామల్లపురమున 7వ శతాబ్దపు పల్లవశిల్పులు మహాశిలాముఖమును శిల్పముగ మలచిరి. దానిని అర్జునతపస్సని కొందరు, గంగావతరణమని కొందరు వ్యాఖ్యానింతురు. శిలమధ్యమున సహజముగ నున్న చీలికను శిల్పులు పూడ్చలేదు. దానియందు నాగులను నిలిపి నదీప్రవాహముగ భావింపజేసిరి. రాతిలోని ప్రకృతియే వారి కల్పనకు మార్గము చూపినది. ఏనుగు పాదముల చెంత గున్నలు, వెనుకకాలి గిట్టతో మూతిని గోకికొను లేడి ఏ తాళమానమునుండియు పుట్టినవి కావు. వెనుకకాళ్లపై నిలిచి తపస్సు చేయు పిల్లిలో నిశితపరిశీలనమునకు హాస్యము తోడైనది.

ఆంధ్రదేశమున అమరావతీశిల్పము ఇంతకంటె ప్రాచీనసాక్ష్యము. చెన్నపట్టణ ప్రభుత్వ ప్రదర్శనశాలయందున్న నళగిరి ఫలకమున ఒకే ఏనుగు రెండుమార్లు కనబడును: ఒకచోట మదించి జనమును త్రొక్కుచు, వేరొకచోట బుద్ధుని పాదములకడ మోకరిల్లి. ఆకారమొక్కటియే, చిత్తవృత్తి మారినది. దానితోపాటు దేహరేఖయంతయు మారినది. గజమును చిరకాలము చూచి, ఆ చూపును మనస్సున నిలుపుకొననివానికి ఈ భేదము చేత కాదు.

కావున సిద్ధాంతమిది. మానము శిల్పమునకు అస్థిపంజరము, ప్రకృతిదర్శనము రక్తమాంసములు, సమాధి ప్రాణము. ఏ యొక్కటి లోపించినను రూపము నిలువదు. శాస్త్రము కళాకారుని కన్నులను మూయలేదు, చక్కగ తెరువుమని విధించినది. పాఠ్యక్రమమున చిత్రసూత్రములోని మానాధ్యాయములతోపాటు 42, 43 అధ్యాయములను, వానికి లక్ష్యములుగ కాళిదాసు నాటకములలోని ఈ రెండు ఘట్టములను చేర్చి బోధించినచో, విద్యార్థికి లక్షణము లక్ష్యముతో సమన్వయమగును. లేనిచో పాఠము చెప్పువారికిని, వినువారికిని అగ్నిమిత్రుడు చిత్రకారునియందు చూపిన దోషమే సంక్రమించును.