నియర్-ఫీల్డ్ త్రీడీ చిత్రాలు: చేయవలసినవి - చేయకూడనివి

నియర్-ఫీల్డ్ ఆప్టికల్ మైక్రోస్కోపు 50 నానోమీటర్ల వివరాన్ని చూపగలదు. లోతు సంగతి వేరు. అంత సూక్ష్మ వివరాన్ని మోసే కాంతి ఉపరితలం దాటగానే క్షీణిస్తుంది. 50 నానోమీటర్లకొకసారి పునరావృతమయ్యే గీతలకు, సుమారు 8 నానోమీటర్ల దూరంలోనే ఆ కాంతి తరంగపు కంపన పరిమితి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఉపరితలానికి అతి దగ్గరగా కదిలే ప్రోబ్‌కు అందని సమాచారాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

చేయవలసినవి

• ఉపరితల ఎత్తుపల్లాలను, ఆప్టికల్ సిగ్నల్‌ను విడివిడిగా భద్రపరచండి.

• రెండు చిత్రాలూ ఒకేలా ఉంటే ఆప్టికల్ చిత్రాన్నే ముందు అనుమానించండి.

• అదే చోటును స్థిరమైన ఎత్తులో మళ్లీ స్కాన్ చేయండి. ప్రోబ్ పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే దొంగ వివరాలు అప్పుడు బయటపడతాయి. హెక్ట్, పోల్, నోవోట్నీ బృందం 1997లోనే దీని గురించి హెచ్చరించింది.

• లోతు కావాలంటే పలు ఎత్తుల్లో కొలవండి.

• స్కాన్‌కు ముందూ తరువాతా ప్రోబ్ మొనను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరీక్షించండి.

• కొలతలు ముందే తెలిసిన నమూనాపై మీ పునర్నిర్మాణ పద్ధతిని సరిచూడండి.

• నాయిస్ ఎంతో కొలిచాకే రెగ్యులరైజేషన్ (పునర్నిర్మాణంలో నాయిస్‌ను అదుపుచేసే) విలువ ఎంచుకోండి, దాన్ని నివేదికలో రాయండి.

• లేజర్ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు ధరించండి. ఇన్‌ఫ్రారెడ్ కిరణం కంటికి కనబడదు.

చేయకూడనివి

• అడ్డంగా సాధించిన స్పష్టతను లోతుకూ వర్తింపజేయకండి.

• చిత్రం పదునెక్కిందని నమ్మేయకండి. క్షీణించిన సిగ్నల్‌ను పెంచే గణితం నాయిస్‌నూ అంతే పెంచుతుంది.

• సిగ్నల్ చాలలేదని లేజర్ శక్తి పెంచుకుంటూ పోకండి. బేతే సిద్ధాంతం ప్రకారం ప్రోబ్ మొనలోని రంధ్రం వ్యాసం సగమైతే కాంతి 64వ వంతుకు తగ్గుతుంది. ఆ లోటు శక్తితో పూడ్చబోతే ప్రోబ్ మీది అల్యూమినియం పూత వేడెక్కి దెబ్బతింటుంది.

• బంగారు కణాల వంటి, కాంతిని బలంగా చెదరగొట్టే శాంపిళ్లకు బార్న్ ఉజ్జాయింపు (చెదరడం బలహీనమని భావించే లెక్క) వాడకండి.

• క్యాలిబ్రేషన్ లేకుండా పీజో స్కానర్ చెప్పే దూరాలను నమ్మకండి.

• ప్రోబ్‌గా వాడే ఫైబర్ మొనలు చెక్కడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని ఒంటరిగా వాడకండి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర లేనిదే సీసా మూత తీయకండి. నొప్పి లేదని చికిత్స ఆపకండి. ఈ ఆమ్లం చర్మంలోకి ఇంకిన గంటల తరువాత కూడా నొప్పి మొదలుకావచ్చు.

• ఎర్రర్ బార్ లేకుండా ఏ లోతు విలువనూ ప్రచురణకు పంపకండి. తేలని చోట తేలలేదనే రాయండి.